గ్రాములుగా మారిన కిలోలు: ఒక నిల్వ లెక్కల ప్రోగ్రామ్‌లో డేటా టైపులు, యాక్సెస్ మోడిఫయర్లు (కేస్ స్టడీ)

నేపథ్యం

ముడి రసాయనాలను నిల్వ ఉంచే ఒక గిడ్డంగి కోసం జావాలో రాసిన లెక్కల ప్రోగ్రామ్‌కు సంబంధించిన కేసు ఇది. సంస్థ పేరు, మనుషుల పేర్లు, పదార్థాల పేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు. క్లాసుల పేర్లను కూడా మార్చాను. కోడ్‌లో జరిగినది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. నన్ను పిలిచేనాటికి ఆ ప్రోగ్రామ్ చాలాకాలంగా వాడుకలో ఉంది. దానిని మొదట రాసినవారు వేరే పనులకు వెళ్లిపోగా, ఒక చిన్న బృందం దానిని నిర్వహిస్తూ, అవసరం వచ్చినప్పుడల్లా కొత్త భాగాలు చేరుస్తూ వస్తోంది.

ప్రోగ్రామ్ మొత్తానికీ కేంద్రం ‘సరుకు’ అనే క్లాస్, అంటే సమాచారాన్నీ దానిపై చేసే పనులనూ ఒకచోట ఉంచే కోడ్ భాగం. పదార్థం పేరు, బ్యాచ్ నంబర్, ప్రస్తుత పరిమాణం, ఇప్పటివరకు జరిగిన రాకపోకల జాబితా దాని ఫీల్డులు, అంటే అది దాచే విలువలు. వీటిలో పరిమాణం దశాంశ సంఖ్యలను దాచే డబుల్ టైపులో, ప్రొటెక్టెడ్ మోడిఫయర్‌తో (ఫీల్డును ఏ కోడ్ తాకవచ్చో చెప్పే గుర్తు) ఉంది. పొడులకు, ద్రవాలకు, వాయు సిలిండర్లకు వేర్వేరు సబ్‌క్లాసులు (సరుకు నుంచి పుట్టిన క్లాసులు) ఉన్నాయి. ఈ క్లాసులూ, రిపోర్టులు తయారుచేసే క్లాసులూ, తూకం యంత్రం పంపే సమాచారాన్ని చదివే క్లాసూ అన్నీ ఒకే ప్యాకేజీలో (క్లాసులను కలిపి ఉంచే గుంపు) ఉన్నాయి. ఈ చివరి సంగతి మొదట్లో ఎవరికీ ముఖ్యమనిపించలేదు, నాకూ అనిపించలేదు.

ఎదురైన సమస్య

ప్రతి నెలాఖరునా ఒక సరిచూపు జరుగుతుంది. తొలి నిల్వకు రాకలన్నీ కూడి, పోకలన్నీ తీసివేస్తే వచ్చే సంఖ్యా, పరిమాణం ఫీల్డులో ఉన్న సంఖ్యా ఒకటే కావాలి. కాని అవి కలవడం లేదు. చాలా సరుకుల్లో తేడా దశాంశ బిందువు దాటి ఎంతో దూరాన, ఎవరూ తూచలేనంత చిన్నదిగా ఉంది. కొద్ది సరుకుల్లో మాత్రం 12.5 ఉండవలసిన చోట 12500 ఉంది. మరికొన్నిటిలో ఒకే రాక రెండుసార్లు నమోదైనట్టు కనిపించింది.

బృందం ఈ మూడింటినీ కలిపి రౌండింగ్ సమస్య అనుకుంది. డబుల్ టైపు దశాంశాలను ఖచ్చితంగా నిలుపుకోలేదని అందరికీ తెలుసు కనుక, తేడా అన్నదల్లా దాని వల్లే వచ్చిందని నమ్మడం సులువైంది. వెయ్యి రెట్ల తేడా రౌండింగ్ వల్ల రాదని ఎవరైనా ఆగి ఆలోచిస్తే తెలిసిపోయేది. కాని ఆ తేడా అరుదుగా వచ్చేది, ఒకసారి సరిదిద్దితే మళ్లీ కొన్నాళ్లు కనిపించేది కాదు.

చేసిన ప్రయత్నాలు, అవి ఫలించకపోవడానికి కారణాలు

నేను వెళ్లకముందు జరిగిన మొదటి ప్రయత్నం డబుల్ స్థానంలో, దశాంశాలను ఖచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్ టైపు వాడడం. ఆలోచన తప్పు కాదు. డబుల్ అంటే, కంప్యూటర్లలో దశాంశ సంఖ్యలను దాచే తీరును చెప్పే ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 64 బిట్లలో దాచే సంఖ్య, అందులో సంఖ్య ఖచ్చితత్వానికి దక్కేవి 53 బిట్లు. మూడో వంతును దశాంశంలో పూర్తిగా రాయలేనట్టే, 0.1ని ద్విసంఖ్యామానంలో పూర్తిగా రాయలేము. అందుకే 0.1ని పదిసార్లు కూడితే 1కి బదులు 0.9999999999999999 వస్తుంది, సమానమా అని అడిగితే కాదని జవాబు వస్తుంది.

మార్పు చేసిన తీరులోనే పొరపాటు జరిగింది. పాత కోడ్ అంతా డబుల్ విలువలనే అందిస్తోంది కనుక, ఆ డబుల్‌నే బిగ్‌డెసిమల్ కన్‌స్ట్రక్టర్‌కు (కొత్త విలువను తయారుచేసే కోడ్) ఇచ్చారు. అలా 0.1 ఇస్తే లోపల నిలిచేది 0.1000000000000000055511151231257827తో మొదలయ్యే పొడుగాటి సంఖ్య. తనకు ఇచ్చిన విలువను బిగ్‌డెసిమల్ నమ్మకంగా దాచుకుంది, తప్పు మాత్రం దాని దగ్గరికి వచ్చేలోపే జరిగిపోయింది. దీనికి తోడు సమానత్వాన్ని ఈక్వల్స్ అనే మెథడ్‌తో (క్లాసు చేసే ఒక పని) చూశారు. ఆ మెథడ్ దశాంశ స్థానాల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకుంటుంది కనుక 2.5, 2.50 దానికి వేర్వేరు. కంపేర్‌టు వాడి, జవాబు సున్నా వచ్చిందా అని చూడవలసింది. ఫలితంగా నెలాఖరు సరిచూపులో తేడాలు మునుపటికన్నా పెరిగాయి. పరిమాణాన్ని నేరుగా తాకే ఫైళ్లు ప్రోగ్రామ్ అంతటా ఉండడంతో మార్పు ఎక్కడెక్కడ అసంపూర్తిగా మిగిలిందో చెప్పగలిగినవారు లేకపోయారు. చివరికి దాన్నంతా వెనక్కి తీసుకున్నారు.

రెండో ప్రయత్నం పరిమాణాన్ని ప్రైవేట్ (ఆ క్లాసు మాత్రమే తాకగలిగేది) చేసి, ఎడిటర్ సాయంతో గెట్టర్ (విలువను చదివే మెథడ్), సెట్టర్ (విలువను మార్చే మెథడ్) పుట్టించడం. రెండూ పబ్లిక్, అంటే ఎవరైనా పిలవవచ్చు. అంతకుముందు ఫీల్డులోకి రాస్తున్న ప్రతి వరుసా ఇప్పుడు సెట్టర్‌ను పిలుస్తోంది, అంతకు మించి ఏమీ మారలేదు. ఈ దశ మీద కొంచెం ఆగాలనిపిస్తోంది, ఎందుకంటే చాలామంది ఎన్‌క్యాప్సులేషన్ (లోపలి వివరాలను క్లాసులోనే దాచడం) అంటే ఇదేనని నేర్చుకుంటారు. కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లో ప్రతిపాదించిన సమాచార గోపనంలో, ప్రతి మాడ్యూలూ మారే అవకాశమున్న ఒక నిర్ణయాన్ని తన లోపల దాచుకోవాలి. మన కేసులో దాచవలసిన నిర్ణయాలు రెండు: పరిమాణాన్ని ఏ ప్రమాణంలో (కిలోలా, గ్రాములా) ఉంచుతున్నాము, అది ఏ కారణాల మీద మారవచ్చు. డబుల్ తీసుకుని డబుల్ తిరిగి ఇచ్చే సెట్టర్, గెట్టర్ జంట ఆ రెండింటిలో దేన్నీ దాచదు. ఫీల్డు ముందు ప్రైవేట్ అని ఉన్నా, సరుకును తాకగలిగిన ఎవరైనా దాని పరిమాణాన్ని ఏ సంఖ్యగానైనా మార్చగలుగుతున్నారు.

సెట్టర్ ఎందుకు తీసెయ్యలేదని అడిగితే, డేటాబేస్ లైబ్రరీకి అది తప్పనిసరి అని చెప్పారు. అది సరైన సమాచారం కాదు. వాళ్లు వాడుతున్నది హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులను డేటాబేస్‌లో దాచే లైబ్రరీ), సరుకు గుర్తింపు ఏదో దానికి చెప్పే అనోటేషన్ (కోడ్‌లోని గుర్తు) ఫీల్డు మీదే ఉంది. అటువంటప్పుడు లైబ్రరీ ఫీల్డులను తానే నేరుగా చదువుతుంది, తానే రాస్తుంది. దానికి కావలసింది ఆర్గ్యుమెంట్లు లేని ఒక కన్‌స్ట్రక్టర్ మాత్రమే, అదీ ప్రొటెక్టెడ్‌గా ఉంటే సరిపోతుంది. అయితే ఈ నమ్మకం వల్లనే కొద్ది వారాల్లో ప్రైవేట్ మళ్లీ ప్రొటెక్టెడ్‌గా మారింది. సబ్‌క్లాసుల్లో సెట్టర్ పిలవడం విసుగనిపించి ఎవరో మార్చారు, ఎలాగూ తేడా లేదు కదా అని మిగిలినవారు ఊరుకున్నారు.

పరిమాణాన్ని నేరుగా మార్చవద్దని కోడ్‌లో కామెంట్ రాయడం, రివ్యూలో చూసుకోవాలని నియమం పెట్టుకోవడం మూడో ప్రయత్నం. అప్పటికే ఉన్న కోడ్‌కు అది వర్తించలేదు.

ఏది ముందు: మొదటి నిర్ణయం

నేను చేరాక బృందంతో కూర్చుని మొదట తేల్చుకున్నది మార్పుల క్రమం. డేటా టైప్ ఒక ఫీల్డులో ఏ విలువలు ఉండవచ్చో చెబుతుంది. యాక్సెస్ మోడిఫయర్ ఆ విలువను ఏ కోడ్ తాకవచ్చో చెబుతుంది. ఇక్కడ రెండూ వదులుగానే ఉన్నాయి. రుణ సంఖ్యా, అనంతమూ, అసలు సంఖ్యే కాని విలువా డబుల్‌లో ఇమిడిపోతాయి. ప్రొటెక్టెడ్ కనుక ప్యాకేజీలో ఎవరైనా రాయవచ్చు. బృందంలో ఎక్కువమంది టైపును ముందు బాగుచేద్దామన్నారు, రోజూ కళ్లకు కనిపించే తేడా అదే కనుక. నేను దానికి ఒప్పుకోలేదు. ప్రోగ్రామ్ అంతటి నుంచీ తాకగలిగే ఫీల్డు టైపు మారిస్తే ప్రోగ్రామ్ అంతా మార్చాలి, మొదటి ప్రయత్నం కూలిపోయింది అక్కడే. తాకే దారులను ముందు ఒక్క క్లాసులోకి కుదిస్తే, ఆ తరువాత టైపు మార్పు ఆ ఒక్క ఫైలులోనే ముగుస్తుంది. అందువల్ల రౌండింగ్ తేడాలను మరికొంత కాలం భరించడానికి సిద్ధపడి, యాక్సెస్‌తో మొదలుపెట్టాము.

దారులు మూయడం

పరిమాణాన్ని ప్రైవేట్ చేసి, సెట్టర్‌ను పూర్తిగా తొలగించి, కంపైలర్ చూపే ప్రతి తప్పునూ ఒక ప్రశ్నగా తీసుకున్నాము: ఈ వరుస పరిమాణాన్ని ఎందుకు మారుస్తోంది? జవాబులు మూడు రకాలుగా వచ్చాయి. కొన్ని నిజమైన రాకపోకలు. వాటి కోసం చేర్చు, తీయి అనే రెండు మెథడ్లు పెట్టి, పరిమాణంతో పాటు రాకపోకల జాబితాను కూడా అవే మార్చేటట్టు చేశాము. కొన్ని చేతితో చేసిన సవరణలు. వాటికి సవరించు అనే మెథడ్ పెట్టి, కారణం ఇవ్వనిదే పనిచేయకుండా రాశాము. మూడో రకంలో మిగిలిన వరుసలకు పరిమాణాన్ని మార్చవలసిన అవసరమే లేదు.

వెయ్యి రెట్ల తేడా ఆ మూడో రకంలో దొరికింది. ఒక రిపోర్ట్ క్లాస్ తక్కువ పరిమాణాలను గ్రాముల్లో చూపించడానికి, తన చేతికి వచ్చిన సరుకు ఆబ్జెక్ట్‌లోని పరిమాణాన్నే 1000తో గుణించి తిరిగి అందులోనే రాస్తోంది. రాసినవారు తమ చేతిలో ఉన్నది నకలు అనుకున్నారు. జావాలో మెథడ్‌కు ఆబ్జెక్ట్‌ను ఇచ్చినప్పుడు వెళ్లేది రిఫరెన్స్ (ఆబ్జెక్ట్ ఎక్కడుందో చూపే విలువ) నకలు, ఆబ్జెక్ట్ ఒక్కటే ఉంటుంది. అయినా ఈ తప్పు ప్రతిసారీ కనిపించకపోవడానికి కారణం హైబర్నేట్ పనితీరు. ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా జరిగే డేటాబేస్ మార్పుల గుంపు) ముగిసేటప్పుడు, అందులో తాను తెచ్చిన ఆబ్జెక్టుల్లో మారినవాటిని గుర్తించి అది తానే డేటాబేస్‌లో రాస్తుంది. రిపోర్ట్ విడిగా నడిచినప్పుడు రాసే ట్రాన్సాక్షన్ ఉండదు, మార్పు గాలికి పోతుంది. పోక నమోదు చేస్తూనే అదే ట్రాన్సాక్షన్‌లో రిపోర్ట్ కూడా తీసినప్పుడు మాత్రం గ్రాములు కిలోల స్థానంలో శాశ్వతంగా కూర్చుంటాయి.

ఆ రిపోర్ట్ క్లాస్ సరుకుకు సబ్‌క్లాస్ కాదు. అయినా ప్రొటెక్టెడ్ ఫీల్డును ఎలా తాకగలిగిందన్నది బృందంలో ఇద్దరిని ఆశ్చర్యపరిచింది. వాళ్లు అంతకుముందు సీ షార్ప్‌లో పనిచేసినవారు. అక్కడ ప్రొటెక్టెడ్ అంటే ఆ క్లాసూ, దాని నుంచి పుట్టిన క్లాసులూ మాత్రమే. జావాలో ప్రొటెక్టెడ్ సబ్‌క్లాసులతో పాటు అదే ప్యాకేజీలోని క్లాసులన్నిటికీ తెరిచే ఉంటుంది. మోడిఫయర్ ఏదీ రాయకపోతే సీ షార్ప్ క్లాసులో ఆ ఫీల్డు ప్రైవేట్ అవుతుంది, సీ ప్లస్ ప్లస్ క్లాసులోనూ అంతే. జావాలో అది ప్యాకేజీ మొత్తానికి కనిపిస్తుంది. ఈ ప్రోగ్రామ్‌లో అన్నీ ఒకే ప్యాకేజీలో ఉన్నాయి కనుక, ప్రైవేట్ కానిదంతా ఆచరణలో అందరిదీ అయిపోయింది. సరుకు క్లాసులను వేరే ప్యాకేజీలోకి తరలించాక, ఏ మోడిఫయరూ లేకుండా అక్కడక్కడా మిగిలిన ఫీల్డులు కూడా బయటపడ్డాయి.

సబ్‌క్లాసుల విషయంలో నిర్ణయం అంత తేలికగా రాలేదు. ద్రవాల క్లాసుకు ఆవిరి నష్టాన్ని లెక్కలో చూపించవలసిన నిజమైన అవసరం ఉంది. ఫీల్డును మళ్లీ ప్రొటెక్టెడ్ చేద్దామా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ క్లాసుకు కావలసింది ఫీల్డు కాదు, ఒక పని అని గుర్తించాము. నష్టం నమోదు చేసే ఒక మెథడ్‌ను ప్రొటెక్టెడ్‌గా, ఫైనల్‌గా పెట్టాము. సబ్‌క్లాసులు దాన్ని పిలవగలవు, దాని అర్థాన్ని మార్చలేవు. వాయు సిలిండర్ల క్లాసులో చేర్చు మెథడ్ అక్కరలేదు కనుక దాన్ని అక్కడ ప్రైవేట్‌గా ఓవర్‌రైడ్ (సబ్‌క్లాసులో తిరగరాయడం) చేద్దామని ఒకరు ప్రయత్నించారు. కంపైలర్ అంగీకరించలేదు. మాతృ క్లాసు పబ్లిక్‌గా ఇచ్చిన మాటను సబ్‌క్లాసు వెనక్కి తీసుకుంటే, ఒకదాని స్థానంలో మరొకటి వాడే వీలు పోతుంది. సిలిండర్లను సరుకుకు సబ్‌క్లాసుగా పెట్టడమే సరికాదేమోనన్న చర్చ అక్కడ మొదలైంది, చివరికి వాటిని విడదీశాము.

రాకపోకల జాబితా మరో దారి. ఫీల్డు ప్రైవేట్, పైగా ఫైనల్. అయినా గెట్టర్ ఆ జాబితానే బయటికి ఇస్తోంది, తీసుకున్నవారు అందులోంచి వరుసలను తొలగించగలరు. ఫైనల్ అన్నది రిఫరెన్స్‌ను మారకుండా చూస్తుంది గాని, అది చూపించే ఆబ్జెక్ట్ లోపలిభాగాన్ని కాపాడదు. లిస్ట్ కాపీఆఫ్ మెథడ్‌తో మార్చడానికి వీలులేని నకలు ఇవ్వడం మొదలుపెట్టాము.

టైపు మార్చడం

దారులు మూసుకున్నాక పరిమాణాన్ని తాకే కోడ్ ఒక్క ఫైలులో మిగిలింది. అప్పుడు టైపు సంగతి తీసుకున్నాము. మా ముందున్న అసలు లోపం డబుల్ ఖచ్చితత్వం ఒక్కటే కాదు, ఆ సంఖ్య కిలోలా గ్రాములా అన్నది దానిలో ఎక్కడా లేకపోవడం కూడా. 1999లో నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నష్టపోయింది ఈ రకమైన లోపంతోనే: ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన సంఖ్యను మరొకటి న్యూటన్ సెకన్లుగా తీసుకుంది. ప్రమాణాన్ని తనలో మోసే టైపు కావాలని, ‘తూకం’ అనే క్లాస్ రాశాము.

లోపల విలువను పూర్ణాంకంగా, మిల్లీగ్రాముల్లో దాచాలని నిర్ణయించాము. తూకం యంత్రానికి అంతకన్నా చిన్న విభాగం లేదు, ప్రోగ్రామ్ చేసే పని ఎక్కువగా కూడికలూ తీసివేతలూ, కనుక బిగ్‌డెసిమల్ అవసరం లేదు. పూర్ణాంకాల టైపు ఇంట్ సరిపోతుందని ఒకరన్నారు. ఇంట్‌లో పట్టే అతిపెద్ద విలువ 2,147,483,647. మిల్లీగ్రాముల్లో చూస్తే అది 2147 కిలోలు దాటిన కొద్దిలోనే నిండిపోతుంది, ఈ గిడ్డంగిలో కొన్ని సరుకులు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. ఇంకా పెద్ద పూర్ణాంకాలు పట్టే లాంగ్ తీసుకుంటే 900 కోట్ల టన్నులకు పైగా పడుతుంది. లాంగ్ ఎంచుకున్నాక కూడా టెస్టులో 2148 కిలోలు రుణ సంఖ్యగా వచ్చింది. కిలోల వేరియబుల్ ఇంట్, గుణకం 1000000 కూడా ఇంట్. గుణకారం ఇంట్‌లోనే జరిగి, పరిధి దాటి −2,146,967,296 అయిన తరువాతే అది లాంగ్‌లోకి వెళ్లింది. ఫలితాన్ని ఏ టైపులో దాస్తున్నామన్నది గుణకారం ఏ టైపులో జరుగుతుందో నిర్ణయించదు. గుణకాన్ని లాంగ్ చేసి, కూడికకు యాడ్‌ఎగ్జాక్ట్, గుణకారానికి మల్టిప్లైఎగ్జాక్ట్ వాడాము. పరిధి దాటితే అవి నిశ్శబ్దంగా చుట్టి రాకుండా ఎక్సెప్షన్ (పనిని ఆపే తప్పు సంకేతం) ఇస్తాయి.

జావా 16 నుంచి అందుబాటులో ఉన్న రికార్డ్‌గా (విలువలను మోయడానికి క్లుప్తంగా రాసే క్లాస్) తూకాన్ని రాస్తే పని తగ్గేది. కాని పబ్లిక్ రికార్డ్‌కు ప్రధాన కన్‌స్ట్రక్టర్ కూడా పబ్లిక్‌గానే ఉండాలి. అప్పుడు ఎవరైనా 12 అని ఇచ్చి కిలోలనుకోవచ్చు. అందుకని మామూలు ఫైనల్ క్లాస్ రాసి, కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేట్ చేసి, కిలోల నుంచి, గ్రాముల నుంచి, మిల్లీగ్రాముల నుంచి తయారుచేసే మూడు స్టాటిక్ మెథడ్లు ఇచ్చాము. జావాలో ప్రైవేట్ హద్దు క్లాసుకు గాని, ఒక్కొక్క ఆబ్జెక్టుకు కాదు. అందువల్ల ఒక తూకం మరో తూకంలోని ప్రైవేట్ ఫీల్డును నేరుగా చదివి కూడగలిగింది, కేవలం కూడిక కోసం గెట్టర్ బయట పెట్టవలసిన అవసరం రాలేదు.

తూకం యంత్రం నుంచి చదివే క్లాసులో మరో విషయం తెలిసింది. యంత్రం పంపేది అక్షరాల రూపంలో. పాత కోడ్ దాన్ని ముందు ఫ్లోట్‌గా (డబుల్ కన్నా చిన్న దశాంశ టైపు), తరువాత డబుల్‌గా మార్చేది. ఫ్లోట్ ఖచ్చితత్వం 24 బిట్లే కనుక, 0.1 అలా వెళ్లి డబుల్‌లో 0.10000000149011612గా స్థిరపడేది. ఇప్పుడు అక్షరాల నుంచే బిగ్‌డెసిమల్ తయారుచేసి, బిందువును ఆరు స్థానాలు జరిపి, లాంగ్‌వాల్యూఎగ్జాక్ట్‌తో లాంగ్‌గా మారుస్తున్నాము. మిల్లీగ్రాము కన్నా చిన్న భాగం వస్తే అక్కడికక్కడే ఎక్సెప్షన్ వస్తుంది. డేటాబేస్‌లోని పాత విలువలను దగ్గరి మిల్లీగ్రాముకు సవరించి పూర్ణాంకాల కాలమ్‌లోకి మార్చాము.

చివరిదాకా మిగిలిన తేడా

రెండు రకాల తేడాలు పోయాక, ఒకే రాక రెండుసార్లు నమోదయ్యే తప్పు ఒక్కటే స్పష్టంగా నిలిచింది. యంత్రం ఒక్కోసారి అదే సమాచారాన్ని మళ్లీ పంపుతుంది, అటువంటిదాన్ని బ్యాచ్ నంబర్ పోల్చి వదిలేయాలి. బ్యాచ్ నంబర్ టైపు ఇంటీజర్ (ఇంట్ విలువను ఆబ్జెక్టుగా ఉంచే టైపు), పోల్చినది జంట సమాన చిహ్నంతో (==). ఇంటీజర్ ఆబ్జెక్టుల మధ్య ఆ చిహ్నం విలువలను కాక రిఫరెన్సులను పోలుస్తుంది. జావా −128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు ఒకే ఆబ్జెక్టును తిరిగి వాడుతుంది కనుక అంతవరకు జవాబు సరిగానే వస్తుంది. టెస్టులన్నీ 1, 2, 3 నంబర్లతో రాసినవి. ఈక్వల్స్‌కు మార్చి ఊరుకోకుండా బ్యాచ్ నంబర్‌కూ సొంత టైపు ఇచ్చాము. ఇక్కడ దాచవలసిన ప్రమాణమేదీ లేదు కనుక రికార్డ్ సరిపోయింది.

నేర్చుకున్నవి

మళ్లీ ఇటువంటి పని వస్తే నేను మొదటి రోజే తేడాలను అవి ఎంత పెద్దవన్నదాన్ని బట్టి విడదీసి చూస్తాను. మూడు తప్పులు ఒకే పేరు కింద ఉండడం వల్లనే మొదటి ప్రయత్నాలకు దిశ దొరకలేదు. ఫీల్డును ప్రైవేట్ చేసేటప్పుడు సెట్టర్‌ను అలవాటుగా చేర్చను. దాన్ని తీసేసి, కంపైలర్ ఎవరిని ఆపుతుందో చూస్తాను. ప్రొటెక్టెడ్ రాసే ముందు ఆ ప్యాకేజీలో ఇంకేమున్నాయో చూస్తాను.

ఈ పద్ధతి ప్రతి సంఖ్యకూ వర్తించదు. అదే ప్రోగ్రామ్‌లో గది ఉష్ణోగ్రత, ద్రవ సాంద్రత ఇప్పటికీ డబుల్‌లోనే ఉన్నాయి. అవి కొలత పరికరం ఇచ్చే ఉజ్జాయింపులు, ఎవరూ వాటిని సమానమా అని పోల్చరు, నెలాఖరున కూడరు. ప్రైవేట్ కూడా సంపూర్ణమైన రక్షణ కాదు. ఈ ప్రోగ్రామ్‌ను జావా 9లో వచ్చిన మాడ్యూళ్లుగా విభజించలేదు కనుక, రిఫ్లెక్షన్‌తో (నడుస్తున్న ప్రోగ్రామ్ క్లాసుల లోపలికి చూసే సదుపాయం) ఎవరైనా ఫీల్డును తాకవచ్చు, హైబర్నేట్ చేస్తున్నదీ అదే. టెస్టుల కోసం ఒక మెథడ్‌ను ఏ మోడిఫయరూ లేకుండా, ప్యాకేజీకి మాత్రమే కనిపించేటట్టు తెలిసే ఉంచాము. ఆ రిపోర్ట్ క్లాస్ ఇప్పుడు వేరే ప్యాకేజీలో ఉంది, గ్రాములు కావలసినప్పుడు తూకాన్ని అడిగి అక్షరాల రూపంలో తీసుకుంటుంది.